"ఏమీ మారలేదు" అంటూనే మార్చేస్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో కొత్త యాప్‌ల గురించి, అప్‌డేట్ల గురించి తరచూ రాస్తుంటారు, నేను చదువుతుంటాను. అప్‌డేట్ వచ్చింది, ఫలానా సౌకర్యం కలిసింది, అంతటితో వార్త అయిపోతుంది. అది వచ్చిన రోజున అంతవరకు చక్కగా నడుస్తున్న పని ఎక్కడెక్కడ ఆగిపోయిందో ఎవరూ రాయరు. దాని గురించి ఒక ఉత్తరం రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ ఏరువాకలో జరిగిన సంగతి చూశాక ఇక ఆగలేకపోయాను.

నేను అనంతపురంలో ఉంటాను. పన్నెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల ఎరువుల అంగళ్ళకు, కిరాణా అంగళ్ళకు, ధర్మవరంలో రెండు మూడు పట్టుచీరల అంగళ్ళకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చి, దాన్ని చూసుకోవడం నా పని. అంతా నేనే రాయను, ఈ రోజుల్లో ఎవరూ రాయరు. డబ్బు పడిందా లేదా తెలుసుకోవడానికి ఒక కంపెనీ సర్వీసు, మెసేజ్‌లు పంపడానికి ఇంకొకరిది, డేటాబేస్ మరొకరిది. నా సాఫ్ట్‌వేర్ వాళ్ళదాన్ని ఒక పద్ధతిలో అడుగుతుంది, వాళ్ళది ఒక పద్ధతిలో జవాబు చెబుతుంది. ఆ అడిగే, చెప్పే పద్ధతినే ఏపీఐ అంటాం. రెండు అంగళ్ళ మధ్య ఉండే మాట లాంటిది అది. కాగితం మీద కొంత ఉంటుంది, అలవాటులో కొంత ఉంటుంది.

జరిగింది ఇది. ఉరవకొండ వైపు ఒక ఎరువుల అంగడి ఉంది. వాన పడింది, చెనిక్కాయ విత్తనం వేసే రోజులు, అంగట్లో నిలబడే చోటు లేదు. ఒక పెద్దాయన ఫోన్‌తో క్యూఆర్ కోడ్ కొట్టి డబ్బు పంపాడు. నా సాఫ్ట్‌వేర్ "డబ్బు రాలేదు" అని చూపించింది. అంగడాయన మళ్ళీ పంపమన్నాడు, పెద్దాయన మళ్ళీ పంపాడు. సాయంత్రానికి చూస్తే రెండు సార్లూ ఆయన ఖాతాలోంచి డబ్బు పోయింది. అంగడాయన నాకు ఫోన్ చేశాడు. "ఏమప్పా, నీ మిషనేమో రాలేదంటుంది, ఆ పెద్దాయనేమో పోయిందంటున్నాడు, ఊరివాళ్ళ ముందర నేను దొంగనైతిని కదప్పా" అన్నాడు. ఆ రెండో విడత డబ్బు మర్నాడు విత్తనం వేసే కూలీలకు ఇవ్వాల్సింది. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

రాత్రంతా కూర్చుని చూస్తే కారణం దొరికింది. ఆ డబ్బుల సర్వీసు నడిపే కంపెనీ (పేరు రాయను, అలాంటివాళ్ళు ఒక్కరే కాదు) ముందురోజు తన సాఫ్ట్‌వేర్‌ను వెర్షన్ 3.4 నుంచి 3.5కు మార్చింది. అంతకుముందు వాళ్ళ జవాబులు రెండే: ఒకటి సక్సెస్, రెండోది ఫెయిల్. 3.5లో మూడో జవాబు కలిపారు, పెండింగ్ అని. బ్యాంకు దగ్గర్నుంచి సమాచారం రావడం ఆలస్యమైతే ఇకమీదట పెండింగ్ అంటారు. మంచి ఆలోచనే, నేను కాదనను. కానీ నా ప్రోగ్రాములో ఏముందంటే, సక్సెస్ వస్తే వచ్చినట్టు, ఇంకేది వచ్చినా రానట్టు. మూడేళ్ళు అది సరిగ్గానే పనిచేసింది. మూడో మాట వచ్చేసరికి దాన్ని కూడా రానట్టే లెక్కేసింది.

తప్పు నాదీ ఉంది. తెలియని జవాబు వస్తే "ఆగండి, తేల్చుకుని చెబుతాం" అని చూపించే దారి నేను ముందే పెట్టి ఉండాల్సింది, ఇప్పుడు అన్ని అంగళ్ళలోనూ పెట్టాను. నా బాధ వాళ్ళ ప్రకటనలోని ఒక వాక్యం గురించి. "కొత్త స్టేటస్ కలిపాం, పాతవాటితో పూర్తిగా కంపాటిబుల్" అని రాశారు, అంటే పాతవాటి పని ఏదీ చెడదని. నేను మెయిల్ పెడితే వచ్చిన జవాబు సారాంశం ఇది: మేము దేన్నీ తీసేయలేదు, ఒకటి కలిపామంతే, కలపడం వల్ల ఏదీ చెడదు.

ఈ మాట నేను చాలాచోట్ల విన్నాను. తీసేస్తే తప్పు, కలిపితే తప్పు లేదు అని. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. ఎక్కడ కలిపారన్నది చూడాలి. అడిగే వైపు కలిపారా, చెప్పే వైపు కలిపారా?

ఎరువుల అంగడినే తీసుకోండి. రైతు ఎరువుల బస్తా కొనాలంటే ఆధార్ నంబరు చెప్పి మిషన్ మీద వేలిముద్ర వేయాలి. రేపటి నుంచి దాంతోపాటు ఇంకో కాగితం కూడా తేవాలన్నారనుకోండి, అది కూడా "కలపడమే", కానీ ఇరవై కిలోమీటర్ల నుంచి వచ్చిన మనిషి ఉత్త చేతులతో తిరిగి పోతాడు. అదే నిన్నటిదాకా అడిగిన ఒక కాగితం ఇకమీదట అక్కర్లేదంటే ఎవరికీ నష్టం లేదు. కాబట్టి అడిగే వైపు తగ్గించొచ్చు, పెంచకూడదు. చెప్పే వైపు లెక్క దీనికి తిరగబడుతుంది. రసీదు మీద నిన్నటిదాకా తప్పకుండా ఉన్న తేదీ రేపు కొన్నిసార్లు ఖాళీగా వస్తే, ఆ తేదీని నమ్ముకున్నవాడి పని ఆగిపోతుంది. రసీదు అడుగున కొత్తగా ఒక వరుస చేరిస్తే మాత్రం చాలామందికి ఏమీ కాదు. కానీ ఇద్దరిలో ఒకరే అని తెలిసిన చోట మూడోవాణ్ణి తెచ్చి నిలబెడితే, అంటే నాకు జరిగినట్టు, అది చిన్న మార్పు కానే కాదు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్ళకు ఇది కొత్త విషయం కాదు. తెలిసీ వదిలేస్తారు, ఎందుకంటే వెర్షన్ నంబరులో మొదటి అంకె మార్చాలంటే నాలుగు మీటింగులు, కస్టమర్లకు ఉత్తరాలు, ఆరు నెలలు రెండు వెర్షన్లూ నడిపే ఖర్చు. మధ్య అంకె అయితే ఆ తలనొప్పులేవీ ఉండవు.

ఈ నంబర్ల సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. వెర్షన్ నంబరులో మామూలుగా మూడు అంకెలు ఉంటాయి, 3.5.2 లాగా. ప్రోగ్రాములు దాచుకుని పంచుకునే గిట్‌హబ్ అనే సైటు స్థాపకుల్లో ఒకరైన టామ్ ప్రెస్టన్-వెర్నర్ దీనికి ఒక పద్ధతి రాసిపెట్టాడు, సెమాంటిక్ వెర్షనింగ్ అంటారు, దాని 2.0.0 రూపం 2013లో వచ్చింది. పాతవాళ్ళ పని చెడగొట్టే మార్పయితే మొదటి అంకె పెరగాలి, పాతదానికి అడ్డురాకుండా కొత్తది కలిపితే మధ్య అంకె, పాతదానికి అడ్డురాకుండా తప్పు దిద్దితే చివరి అంకె. చాలామంది ఇంతవరకే చదువుతారు. దాని మొదటి నియమం వేరే ఉంది: ముందు నీ ఏపీఐ ఏమిటో ప్రకటించు అని. ఏది మాట ఇచ్చారో, ఏది ఇవ్వలేదో రాసి ఉంచనివాళ్ళు మాట తప్పామో లేదో ఎలా తేలుస్తారు? ఆ డబ్బుల సర్వీసు కంపెనీవాళ్ళ కాగితాల్లో "జవాబులు ఈ రెండే" అని లేదు, "ఇంకా రావచ్చు" అనీ లేదు. ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీని మూడేళ్ళు నా అలవాటు నింపింది, తర్వాత ఒక రోజు వాళ్ళ అప్‌డేట్ నింపింది.

అలవాటు అన్నాను కాబట్టి చెబుతాను. మా అవ్వకు చదువు రాదు. కదిరి బస్సు ఎక్కించి "నాలుగో స్టాపులో దిగు అవ్వా" అని చెప్పి పంపేవాళ్ళం, ఏళ్ళ తరబడి సరిగ్గా దిగేది. ఒకసారి మధ్యలో ఒక కొత్త స్టాపు పెట్టారు, మా అవ్వ వేరే ఊళ్ళో దిగి ఎండలో రెండు గంటలు కూర్చుంది. స్టాపు పెట్టినవాళ్ళు ఏ తప్పూ చేయలేదు, ఆ ఊరివాళ్ళకు అది కావాలి. స్టాపులను లెక్కపెట్టి దిగమని వాళ్ళు ఎవరికీ చెప్పనూ లేదు. కానీ లెక్కపెట్టుకుని దిగేవాళ్ళు ఆ బస్సులో ఉన్నారు. ఎక్సెల్ షీటు మధ్యలో ఒక కాలమ్ దూర్చి పంపే వాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఆ రోజే గుర్తొస్తుంది. చివర్లో కలిపితే బతికిపోయే ప్రోగ్రాములు మధ్యలో కలిపితే ధర కాలమ్‌లో బరువు చదువుకుంటాయి, ఏ ఎర్రరూ ఇవ్వవు.

గూగుల్‌లో పనిచేసిన హైరమ్ రైట్ అనే ఇంజనీరు పేరు మీద ఒక సూత్రం ఉంది. వాడేవాళ్ళు చాలామంది అయ్యాక నువ్వు కాగితం మీద ఏం మాట ఇచ్చావన్నది అసలు లెక్కలోకే రాదు, బయటికి కనిపించే ప్రతి లక్షణం మీదా ఎవరో ఒకరు ఆధారపడే ఉంటారు అని. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ 2010లో జరిగింది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో చాలా ప్రోగ్రాములు వాడుకునే జీలిబ్‌సీ అనే లైబ్రరీ, అంటే ముందే రాసిపెట్టిన పనుల మూట, ఉంది. అందులో మెమ్‌కాపీ అనే పని, మెమరీలో ఒకచోట ఉన్నదాన్ని ఇంకోచోటికి కాపీ చేస్తుంది. రెండు చోట్లూ ఒకదానిమీద ఒకటి పడితే ఫలితానికి హామీ లేదని సీ భాష ప్రమాణంలో మొదటినుంచీ స్పష్టంగా రాసి ఉంది. వేగం కోసం కొన్ని ప్రాసెసర్ల మీద కాపీ చేసే దిశ మార్చారు. కాగితం ప్రకారం నూటికి నూరు పాళ్ళు కంపాటిబుల్. కానీ లినక్స్ రకాల్లో ఒకటైన ఫెడోరా 14లో, బ్రౌజర్‌లో వీడియోలు చూపించే ఫ్లాష్ ప్లేయర్ శబ్దం గరగరమంటూ చెడిపోయింది, ఎందుకంటే ఆ ప్రోగ్రాము ఆ రాసిన నియమాన్ని పాటించలేదు, పాత దిశలో అది ఎలాగో నడిచిపోయేది. తప్పు ఫ్లాష్‌దే అని చాలామంది అన్నారు, నిజమే. లినక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం వాడేవాడికి అది అక్కర్లేదు, నిన్న పనిచేసింది ఈరోజు చేయడం లేదు అన్న వైపు నిలబడి వాదించాడు. చివరికి జీలిబ్‌సీ 2.14లో ఏం చేశారంటే, పాత ప్రోగ్రాములకు పాత పద్ధతిలో పనిచేసే మెమ్‌కాపీ దొరికేలా, కొత్తగా తయారయ్యే ప్రోగ్రాములకు కొత్తది దొరికేలా రెండూ ఉంచారు. నాకు ఇది న్యాయంగా అనిపిస్తుంది. ఎవరిది తప్పు అన్న వాదన అలా ఉంచి, మధ్యలో ఉన్న మనిషి పని ఆగకుండా చూశారు.

అలాగని దేన్నీ ఎప్పుడూ మార్చకూడదని నేను అనడం లేదు. అలా పట్టుబడితే ఏ సాఫ్ట్‌వేరూ బాగుపడదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో గ్రూప్ బై అని, అంటే లెక్కలను గుంపులుగా చేసి ఇమ్మని అడిగితే జవాబు తనంతట తానే వరుసక్రమంలో వచ్చేది. దాని మీద ఆధారపడొద్దని 5.7 మాన్యువల్‌లోనే రాశారు, తర్వాత 8.0లో, అంటే మొదటి అంకె మార్చి మరీ, ఆ క్రమాన్ని ఎత్తేశారు. నా రిపోర్టులు రెండు తారుమారయ్యాయి, ఒక ఆదివారం పోయింది, అయినా నాకు వాళ్ళ మీద కోపం లేదు. చెప్పారు, టైమ్ ఇచ్చారు, నంబరు సరిగ్గా పెట్టారు. గో అనే ప్రోగ్రామింగ్ భాషవాళ్ళు ఇంకా ముందుచూపుతో పోయారు. 2012లో గో 1 విడుదల చేసినప్పుడు మ్యాప్‌లో, అంటే పేరు చెబితే విలువ ఇచ్చే జాబితాలో, వరుసక్రమం ఉండదని ప్రకటించి, చదివిన ప్రతిసారీ ఏ క్రమంలో వస్తుందో ముందే చెప్పలేనట్టు చేశారు. అలవాటు పడే అవకాశమే ఇవ్వలేదు. మాట ఇవ్వదలుచుకోని చోట అలా చేయడం నిజాయితీ. వెబ్‌సైట్లు నడిపే భాష జావాస్క్రిప్ట్ వాళ్ళయితే 2018లో ఒక కొత్త పనికి ఫ్లాటెన్ అని పెట్టాలనుకున్న పేరును ఫ్లాట్ అని మార్చుకున్నారు, మూటూల్స్ అనే పాత లైబ్రరీతో నడుస్తున్న పాత వెబ్‌సైట్లు దెబ్బతింటాయని.

ఇక్కడ మన జిల్లాల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కర్నూలు నుంచి నంద్యాల, కడప వైపు అన్నమయ్య. ప్రభుత్వం చేసింది సాఫ్ట్‌వేర్ మార్పు కాదు, ముందే ప్రకటించి చేసిన పాలన మార్పు. కానీ దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకున్నవాళ్ళు రకరకాలుగా తెచ్చుకున్నారు. నేను వాడే ఒక చిరునామాల సర్వీసు జిల్లాల జాబితాలో కొత్త పేర్లు కలిపి, మధ్య అంకె ఒకటి పెంచి ఊరుకుంది. పైకి చూస్తే కలపడమే. లోపల ధర్మవరం చిరునామాలన్నీ ఒక్క రాత్రిలో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లాకు మారిపోయాయి. మా పట్టుచీరల అంగడాయన "అనంతపురం జిల్లా అమ్మకాలు" అని రిపోర్టు తీస్తే సగానికి సగం కనిపించలేదు. వ్యాపారం పడిపోయిందేమోనని ఆయనకు టెన్షన్, రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని వాళ్ళ అబ్బాయి చెప్పాడు. అనంతపురం అన్న పేరు అలాగే ఉంది, దాని అర్థం చిన్నదైంది. పేరు పోయి ఉంటే ప్రోగ్రాము అక్కడే ఆగి ఎర్రర్ ఇచ్చేది, పది నిమిషాల్లో తెలిసేది. పేరు నిలిచి అర్థం మారింది కాబట్టి తప్పుడు లెక్కను నిజం లెక్కలాగా చూపించింది.

అదే పిన్‌కోడ్‌తో లెక్క చూసుకున్న అంగళ్ళకు ఏమీ కాలేదు. 1972 నుంచి ఉన్న ఆ ఆరు అంకెలను జిల్లాలు విడిపోయినా తపాలా శాఖవాళ్ళు కదిలించలేదు. ధర్మవరం ఇప్పటికీ 515తోనే మొదలవుతుంది. అప్పటినుంచి నేను ఎక్కడ వీలైతే అక్కడ జిల్లా పేరు బదులు పిన్‌కోడ్ పట్టుకుంటున్నాను.

అందుకే నా లెక్కలో అన్నిటికంటే చెడ్డ మార్పు ఏదంటే, పేరు అదే, రూపం అదే, అర్థం మాత్రం వేరు. పైసల్లో వచ్చే అంకె రూపాయల్లో రావడం, పన్నుతో కలిపి వచ్చే ధర పన్ను లేకుండా రావడం, మన టైమ్‌లో వచ్చే గంట గ్రీనిచ్ టైమ్‌లో రావడం. ఏదీ ఆగదు, ఎవరూ అరవరు, లెక్క తప్పుతుంది. అర్థం మార్చాలనుకుంటే కొత్త పేరు పెట్టండి, పాతదాన్ని కొన్నాళ్ళు అలాగే ఉంచండి, దీనికి పెద్ద పరిజ్ఞానం ఏమీ అక్కర్లేదు. ఒకసారి వాడి వదిలేసిన పేరును మళ్ళీ వేరే పనికి వాడొద్దు. ప్రోగ్రాముల మధ్య సమాచారం పంపడానికి గూగుల్‌వాళ్ళు చేసిన ప్రోటోబఫ్ అనే పద్ధతిలో, తీసేసిన ఫీల్డు (గడి) నంబరును మళ్ళీ ఎవరూ వాడకుండా రిజర్వ్ చేసి పెట్టే ఏర్పాటే ఉంది, దాని వెనక ఎన్ని చేదు అనుభవాలు ఉండి ఉంటాయో నేను ఊహించగలను.

ఇంకొకటి, తప్పును దిద్దడం. తప్పు దిద్దితే ఎవరైనా సంతోషించాల్సిందే కదా అంటారు. ఆ తప్పుతోనే సర్దుకుని బతుకుతున్నవాళ్ళు ఉంటారు. మెసేజ్ సర్వీసు ఒకటి తెలుగు అక్షరాల మెసేజ్‌ను తప్పుగా విరిచేది, నేను దానికి తగ్గట్టు ముందే విరిచి పంపేవాణ్ణి. వాళ్ళు ఒక రోజు చెప్పకుండా సరిచేశారు, నేను విరిచిందాన్ని వాళ్ళు మళ్ళీ విరిచారు, ఒక వారం పాటు మా కస్టమర్లకు సగం సగం మాటలు వెళ్ళాయి. దిద్దొద్దని కాదు, చివరి అంకె పెంచి ఊరుకోకుండా ఒక వాక్యం రాసి నెల ముందు పంపితే చాలు.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 2 నుంచి 3కు మారడానికి 2008 డిసెంబరు నుంచి 2020 జనవరి 1 దాకా, అంటే పదకొండేళ్ళు పట్టింది. ప్రపంచంలో గొప్ప గొప్ప ఇంజనీర్లు ఉన్న కంపెనీలే అంత కాలం తీసుకున్నాయి. ఉరవకొండ అంగడికీ, ధర్మవరం అంగడికీ ఒక్క రాత్రి ఇస్తున్నారు. పెద్ద కంపెనీలకు ప్రతి కొత్త వెర్షన్‌నూ ముందుగా పరీక్షించే మనుషులు ఉంటారు. ఇక్కడ పరీక్షించేది వానలో నిలబడిన రైతు.

నేను అడిగేది ఇది. పదిమంది డబ్బు, పంట, జీతం, మందులు ఆధారపడిన సర్వీసు నడిపేవాళ్ళు, ప్రైవేటు కానీ ప్రభుత్వం కానీ, ఏ మార్పును కంపాటిబుల్ అంటారో ముందుగా రాసి అందరికీ కనిపించే చోట పెట్టాలి. కొత్త జవాబులు రావచ్చా రాకూడదా, వరుసక్రమానికి హామీ ఉందా లేదా, ఖాళీ రావచ్చా, అన్నీ. "కంపాటిబుల్" అని రాసే ముందు తమ టెస్టులు పాసయ్యాయా అని మాత్రమే చూసుకోకుండా, వాడేవాళ్ళలో నలుగురికి, అందులో ఒక చిన్న ఊరి మనిషికైనా, రెండు వారాల ముందు ఇచ్చి చూడాలి. చెడితే వెనక్కి తీసుకోవాలి, లేదా మొదటి అంకె మార్చాలి. విత్తనాల సీజన్‌లో, పండగ వారంలో, నెల మొదటి రోజుల్లో ఏ మార్పూ విడుదల చేయకూడదు. మా వైపు మేమూ చేయాల్సింది ఉంది: తెలియని జవాబు వస్తే ఊహించకుండా ఆగడం, కాగితంలో లేనిదాన్ని నమ్ముకోకపోవడం. నేను మొదలుపెట్టాను.

పెద్దాయనకు రెండో విడత డబ్బు ఆరో రోజున తిరిగి వచ్చింది. అంతవరకు అంగడాయనే తన చేతి నుంచి కూలీల డబ్బు సర్దాడు. కంపెనీవాళ్ళు నా మూడో మెయిల్ తర్వాత "ఇకముందు కొత్త స్టేటస్‌లు రావచ్చు, తెలియనిదాన్ని ఫెయిల్‌గా తీసుకోకండి" అని తమ కాగితాల్లో ఒక వాక్యం చేర్చారు. "పూర్తిగా కంపాటిబుల్" అన్న పాత ప్రకటన మాత్రం ఇంకా అలాగే ఉంది, దాన్ని సరిచేయమని నాలుగో మెయిల్ పంపాను. కర్నూలు, కడప, నంద్యాల వైపు ఇలాంటి పని చేసుకునేవాళ్ళకు ఇలాంటి అనుభవాలు ఉంటే మీ పత్రికకు రాయమని కోరుతున్నాను, దయచేసి వాటిని కూడా వేయండి.

ఇట్లు,
బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే మీ పాఠకుడు,
అనంతపురం.